ఏడో జాయింటు

ఏప్రిల్ 14

మధ్యాహ్నం పన్నెండు దాటితే నా కంప్యూటర్ షాపుకు ఎవరూ రారు. ఈ ఎండలో చంద్రపూర్ రోడ్ల మీద కుక్కలు కూడా కనబడవు. వానాకాలమైనా పెద్ద తేడా ఉండదులే. మౌసు కావాలన్నా జనం ఫోన్లోనే కొంటున్నారు. ఊరికే కూర్చోలేక ఈ నోట్‌బుక్ తీశాను. పదో తరగతి దాకా ఆదిలాబాద్‌లో అమ్మమ్మ దగ్గర చదివాను కాబట్టి తెలుగు రాయగలను. విద్య తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. నా భార్యే చదవలేని పుస్తకం కన్నా భద్రమైన చోటు ఏముంటుంది.

ఈ రోజు మాత్రం ఒకామె వచ్చింది. ప్రజ్ఞ మేడం. గనుల మీద డ్రోన్ ఎగరేసి పటాలు తయారుచేసే ఆఫీసు ఆమెది. ఒక్కో పటానికి కంప్యూటర్ పదహారు గంటలు ఆగకుండా నడవాలి. మన వేడికి మూడో గంటకే కాగి ఆగిపోతోందట, ఏసీ గదిలో కూడా. నీళ్లతో చల్లబడే పెట్టె కావాలి. రెడీమేడ్‌వి ఈ బొగ్గు దుమ్ముకు ఆగవని ఆమెకు తెలుసు. చేత్తో చేసిచ్చేవాళ్లు కావాలంది.

చేస్తానన్నాను. ఎలాగో తెలియకుండానే అన్నాను.

ఏప్రిల్ 16

బాబుపేట్ వెళ్లి సదానందమన్నను కలిశాను. నాకంటే పద్నాలుగేళ్లు పెద్ద. రాజురా దగ్గరి పల్లె వాళ్లది. మా నాన్న గడ్‌చాందూర్‌లో కొట్టు పెట్టిన రోజుల నుంచీ మా రెండిళ్లకూ రాకపోకలున్నాయి. ఎండాకాలం రేకు కూలర్లు చేస్తాడు, మిగతా రోజుల్లో ఫ్రిజ్‌ల గొట్టాలు అతుకుతాడు. వాకిట్లో పది కూలర్ డబ్బాలు వరసగా ఆరుతున్నాయి.

"కంప్యూటర్ల నీళ్లా? కరెంటున్న డబ్బల ఎవలన్న నీళ్లు పోస్తరా తమ్మీ?"

"డబ్బల పొయ్యరన్నా. గొట్టంల తిరుగుతయ్. లోపటి వేడిని మోసుకపోయి బయట పారేస్తయ్."

వేలితో గాలిలో గొట్టం తిప్పి చూసుకున్నాడు.

"అంటే జీపు ఇంజన్ లెక్క."

"గంతే."

"గా ముచ్చట ముందుగాల చెప్పరాదు" అని లేచి రేకు వెతకడం మొదలుపెట్టాడు.

ఏప్రిల్ 20

లాల్‌పేట్‌లో పాత సామాన్ల వాడి దగ్గర జీపు రేడియేటర్ దొరికింది. ఇత్తడిది. అన్న దాన్ని మూడుసార్లు వేడినీళ్లతో కడిగాడు, నాలుగోసారి నాలుకతో తాకి చూశాడు. తుప్పు రుచి పోయిందన్నాడు. రాజక్క వదిన నవ్వింది. "నేను చేసిన కూరల ఉప్పు తెల్వదు గని ఇత్తడి రుచి తెలుస్తది గీయనకు."

ఏప్రిల్ 23

పెట్టె తయారవుతోంది. కొలతలన్నీ నావే. మదర్‌బోర్డు ఎక్కడ, కార్డు ఎక్కడ, గాలి ఎటు రావాలి, ఎటు పోవాలి, అన్నీ కాగితం మీద గీసిచ్చాను. అన్న రేకు కత్తిరించి, చెక్క సుత్తితో అంచులు మడుస్తాడు. మడత చోట వేలు పెట్టి లాగితే గీసుకోదు.

రాగి గొట్టం వంచేటప్పుడు లోపల సన్న ఇసుక కూరి, రెండు కొసలూ చెక్క బిరడాలతో మూసి, మంటకు చూపించాడు. గొట్టం ఎర్రబడి, మళ్లీ చల్లారాక మోకాలికి గుడ్డ చుట్టుకుని మెల్లగా వంచాడు. ఎక్కడా చొట్ట పడలేదు. నేనూ ఒకటి ప్రయత్నించాను.

నాది మూలన పడేశాం.

ఏప్రిల్ 27

ప్రజ్ఞ మేడం చూడటానికి బాబుపేట్ వచ్చింది. ఆమె ఆఫీసులో యంత్రాలు చూసుకునే సచిన్ కూడా వచ్చాడు. గాలి ఎలా వెళుతుందో నేను మరాఠీలో వివరంగా చెబుతున్నాను. ఆమె వినడం లేదు. గొట్టం వంపు మీద వేళ్లు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు నడిపిస్తోంది.

"ఇది ఎవరు చేశారు?"

"అంతా కలిసే చేశాం" అన్నాను.

ఆమె సదానందమన్న వైపు తిరిగి, "కాకా, ఇది మీ పనే కదా" అంది. అన్న సిగ్గుపడి, కొలతలు తమ్ముడివని చెప్పాడు. ఆమె తలూపింది. మళ్లీ నా వైపు చూడలేదు.

కొలతలు లేకుండా వంపు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ మాట ఎవరూ అడగరు.

మే 1

నాగపూర్ నుంచి బాలకిషన్ అనే ఆయన ఫోన్ చేశాడు. ప్రజ్ఞ మేడం ఫొటోలు పంపిందట. స్టూడియోలకు ఇలాంటి పెట్టెలు ఐదు కావాలట. నేను సంతోషంగా వివరాలు అడుగుతుంటే మధ్యలో ఆపాడు. "కంప్యూటర్ పనికి మా దగ్గర మనుషులున్నారు. ఆ రాగి పని చేసే ఆయన నంబర్ ఇవ్వండి చాలు."

ఇచ్చాను. ఇవ్వకపోవడానికి కారణం ఏం చెప్పగలను?

మే 3

పెట్టెను షాపుకు తెచ్చి నీళ్లు పోశాం. కరెంటు కంప్యూటర్‌కు ఇవ్వకుండా పంపుకు మాత్రమే ఇచ్చి, ప్రతి జాయింటు కింద తెల్ల టిష్యూ పరిచి ఒక రోజంతా నడపాలి. టిష్యూ తడిస్తే తెలిసిపోతుంది. అన్న మంటతో అతికినవి ఆరు. గొట్టం వచ్చి గ్రాఫిక్స్ కార్డుకు తగిలేచోట రబ్బరు రింగు వేసి మర బిగించింది నేను. అది ఏడోది.

మే 4

టిష్యూలన్నీ పొడిగా ఉన్నాయి. సాయంత్రం మేడం ఆఫీసుకు చేర్చాం.

మే 6

నలభై ఆరు డిగ్రీలు. అయినా పెట్టె నడుస్తోంది. ఇరవై గంటలు ఆగకుండా నడిచిందని సచిన్ ఫోన్ చేసి చెప్పాడు. కాకాకు కూడా చెప్పమన్నాడు.

చెప్పలేదు. మర్చిపోయాను.

మే 13

మధ్యాహ్నం మూడింటికి మేడం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆగిపోయింది, కాలిన వాసన వస్తోందని.

మే 14

నిన్న అంతకు మించి రాయలేకపోయాను.

అన్నను బండి మీద ఎక్కించుకుని వెళ్లాను. సచిన్ అప్పటికే పెట్టె తలుపు తెరిచి ఉంచాడు. మదర్‌బోర్డు మీద నీళ్లు. నిల్వ ఉంచుకునే డిస్కు కూడా పోయింది. ఏప్రిల్ నెలాఖరు దాకా చేసిన పనికి నకలు ఉంది. ఆ తర్వాత పన్నెండు రోజులు ఎగరేసిన డ్రోన్ పని ఎక్కడా లేదు. గని వాళ్లు ఆ గుట్టలను ఈలోగా జరిపేశారు. మళ్లీ ఎగరేసినా ఆ పటం రాదు.

సచిన్ టార్చి వేసి చూపించాడు. అన్న అతికిన అన్నిటికన్నా కింది జాయింటు దగ్గర ఇంకా ఒక బొట్టు వేలాడుతోంది.

అన్న వంగి చాలాసేపు చూశాడు. వేలితో ఆ బొట్టు తుడిచాడు. కొంచెం ఆగితే మళ్లీ వచ్చింది.

"నేనతికిన జోడే" అన్నాడు తెలుగులో. తర్వాత మేడం వైపు తిరిగి మరాఠీలో, "నాదే తప్పు మేడం" అన్నాడు.

ఆమె కోప్పడలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "పన్నెండు రోజులు ముగ్గురు పిల్లలు ఎండలో నిలబడి ఎగరేశారు కాకా" అంది. అంతే.

నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మే 15

పెట్టెను షాపుకు తెచ్చి విప్పాను. నీళ్లు పై నుంచి గొట్టం వెనక పక్కన జారి కిందికి వచ్చాయి. పైన ఏడో జాయింటు. మర విప్పితే లోపల రబ్బరు రింగు నలిగి, తెగి ఉంది. ఎక్కువ బిగిస్తే అలా తెగుతుంది.

రింగును మురుగు మోరీలో పారేశాను.

మే 16

నాగపూర్ బాలకిషన్ అన్నకు ఫోన్ చేసి, ఇప్పుడే తొందర లేదన్నాడట. మేడం చెప్పి ఉంటుంది. "మంచిదే అయింది తమ్మీ, ఐదు డబ్బలు ఖరాబ్ జేసేటోణ్ని" అన్నాడు అన్న.

మే 18

మే 4న అబద్ధం రాశాను. నాకోసం రాసుకునే పుస్తకంలో.

ఆ రోజు పొద్దున్న అన్న రాకముందే టిష్యూలు చూశాను. ఆరు పొడిగా ఉన్నాయి. ఏడోదాని కింద రూపాయి బిళ్లంత తడి. ఆయనవి ఆరూ నిలిచి, నాది ఒక్కటే కారిందంటే ఎలా చూపించను? టిష్యూ జేబులో పెట్టుకుని, మరను గట్టిగా ఇంకో అర చుట్టు తిప్పి, కొత్త టిష్యూ పరిచాను. గంటసేపు చూశాను. తడవలేదు. మళ్లీ ఒక రోజంతా నడపాలని నాకు తెలుసు. ఇంతలో అన్న వచ్చి, "అన్ని మంచిగున్నయా తమ్మీ?" అని అడిగాడు.

"ఉన్నయన్నా" అన్నాను.

కావాలని చేసింది కాదు. ఇది మాత్రం నిజం. కావాలని చేసింది కాదు.

మే 22

అన్న రాగి పని ముట్టుకోవడం లేదట. ఫ్రిజ్ తెచ్చినవాళ్లను వాపస్ పంపుతున్నాడట. వదిన షాపుకు వచ్చి చెప్పింది.

"ముప్పై ఏండ్ల సంది అతుకుతుండు. ఒక్కటి కారలే. కండ్లు మసకబారినయేమో. నా మాట ఇంటలేడు శ్రావణ్. నువ్వు చెప్తే దవాఖానకు వస్తడు."

వస్తానన్నాను.

మే 24

కంటి ఆసుపత్రిలో రెండు గంటలు కూర్చున్నాం. వదిన ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో అన్న. ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్లికి వచ్చినవాడిలా ఉన్నాడు. గోడ మీద అక్షరాలు చదవమంటే మరాఠీ అక్షరాలు పై నుంచి కింది దాకా చదివాడు. డాక్టరమ్మ దీపం వేసి చూసి, ఈ వయసుకు ఇంత మంచి కళ్లు తక్కువ మందికి ఉంటాయంది. అద్దాల నంబరు కూడా మార్చక్కర్లేదంది.

వదిన ముఖం వెలిగింది. అన్న ముఖంలో ఏమీ లేదు. బయట బెంచీ మీద కూర్చుని రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"కండ్లు మంచిగున్నయంటే, మరి చేతులేనా తమ్మీ?"

అప్పుడు చెప్పాల్సింది. వదిన కొట్టుకు వెళ్లి సోడా తెచ్చేంతసేపు ఆ బెంచీ మీద మేమిద్దరమే ఉన్నాం. చెప్పాల్సిన మాట నాలుగైదు ముక్కలకు మించి లేదు.

"వయసైతుంది గదన్నా" అన్నాను.

మే 25

ఆ మాట నేనే అన్నాను. మళ్లీ రాస్తున్నాను. వయసైతుంది గదన్నా.

మే 30

అన్న తన గ్యాస్ టార్చి లాల్‌పేట్‌లో ఎవరికో ఇచ్చేశాడట. ఊరికే ఇచ్చేశాడట. కూలర్లకు అది అక్కర్లేదు కదా అన్నాడట.

విద్య అడిగింది, "అన్నం ఎందుకు ఇడిసిపెడుతున్నవ్?" అని. ఎండ అన్నాను.

జూన్ 5

అన్న షాపుకు వచ్చాడు. ఆ రాగి గొట్టం కావాలన్నాడు. కోసి చూస్తాడట.

"తప్పు యాడ జేసిన్నో కండ్లార చూస్తే జెర కుదుటపడుత. మళ్ల గట్ల జెయ్య."

ఎక్కడ పెట్టానో గుర్తులేదు, వెతికి ఉంచుతానన్నాను. అది నా కుర్చీ వెనక అలమారలోనే ఉంది.

జూన్ 8

అన్న మళ్లీ వచ్చాడు. ఈసారి వదిన కూడా ఉంది. లేదనలేకపోయాను. తీసి బల్ల మీద పెట్టాను. ఇన్నాళ్ల తర్వాత కూడా ఆ వంపులు చూస్తే ఎవరికైనా ముట్టుకోవాలనిపిస్తుంది.

ఇంట్లోనే కోసుకోవచ్చు కదా అన్నాను. నువ్వు కూడా చూస్తే నయం, చదువుకున్నోడివి అన్నాడు. సంచీలోంచి రంపం తీశాడు.

మొదట కింది జాయింటు. బొట్టు కారినది. రాగి పొడి నా బల్ల మీద రాలింది. రెండు ముక్కలు చేసి, అంచును వెలుతురుకు పెట్టి చూశాడు. అతుకు లోహం గొట్టం చుట్టూ ఖాళీ లేకుండా నిండుగా పారి ఉంది. నాకే కనబడుతోంది.

"గిది మంచిగనే ఉన్నది గద" అన్నాడు. అర్థంకాని గొంతుతో.

రెండోది కోశాడు. అది కూడా నిండుగా ఉంది. ఆపమనాలి. ఆ గొట్టం లాంటిది ఇంకొకటి ఉండదు. అతడు కోస్తున్నది తన చేతుల్లోంచి వచ్చిన అన్నిటికన్నా మంచి పనిని. నేను చూస్తున్నాను. మూడోదాని మీద రంపం పెట్టాడు. చెమట కారి కంట్లో పడుతుంటే భుజంతో తుడుచుకుంటున్నాడు. మూడోది కూడా రెండు ముక్కలైంది.

"యాడున్నది మరి?" అని తనలో తాను అనుకుంటూ నాలుగోదాన్ని పట్టుకున్నాడు.

"అన్నా, ఆపు. నీది కాదు. నాది."

రంపం ఆగింది.

అంతా చెప్పాను. టిష్యూ సంగతి, మర సంగతి, తెగిన రింగు సంగతి. కంటి ఆసుపత్రిలో నాకు తెలిసే కూర్చున్నానని కూడా చెప్పాను. చెబుతుంటే నా గొంతు మామూలుగానే ఉంది. ప్రింటర్ ఎందుకు చెడిందో చెబుతున్నట్టు.

అన్న కోసిన ముక్కను మళ్లీ వెలుతురుకు పెట్టి చూశాడు. తర్వాత అడిగాడు.

"అంటే నా చేతులు మంచిగనే ఉన్నయా?"

"ఉన్నయన్నా."

"ఆరింటికి ఆరు నిలిచినయా?"

"నిలిచినయ్."

రంపం బల్ల మీద పెట్టి రెండు చేతులూ ముందుకు చాచాడు. వేళ్లు విడదీసి, ముడిచి, మళ్లీ విడదీశాడు. ఈ నెల రోజుల్లో చూడని ముఖం కనబడింది. చిన్నపిల్లాడికి పోయిన వస్తువు దొరికినట్టుంది ఆ ముఖం.

తిడతాడనుకున్నాను. కొట్టినా సరే అనుకున్నాను. అతడు నా వైపు చూడనే లేదు. నేను చెబుతున్న క్షమాపణ వినిపించుకోలేదు. కోసిన ముక్కలు ఏరి సంచీలో వేసుకుని, "రాజక్కా, పోదాం పా. లాల్‌పేట్ పొయ్యి టార్చి అడుగాలె" అన్నాడు.

వదిన కదల్లేదు.

"శ్రావణ్, దవాఖానల సోడా తెచ్చి నీ చేతికిచ్చిన నేను. తాగినవ్."

"తప్పైంది వదినా."

"మాకు చెప్పుడు గాదు. గా మేడం ముంగట చెప్పు. మేం ఉండంగ చెప్పు. రేపే."

జూన్ 9

రేపు వెళ్దామని ఫోన్ చేశాను, ఈ రోజు ఒంట్లో బాగాలేదని. వదిన పెట్టేసింది.

జూన్ 10

ఉదయం పదింటికి ఇద్దరూ షాపు ముందు నిలబడ్డారు. ఆటోలో ముగ్గురం వెళ్లాం. 

ప్రజ్ఞ మేడం, సచిన్ ఇద్దరూ ఉన్నారు. మరాఠీలో చెప్పాను. ముందుగా తయారుచేసుకున్న మాటలు ఉన్నాయి. రబ్బరు రింగులు ఒక్కోసారి తయారీలోనే లోపంతో వస్తాయని, ఎండకు మెత్తబడతాయని. ఆ మాటల దగ్గరికి వచ్చేసరికి వదిన నన్నే చూస్తోంది. రింగులో లోపం లేదని, నేను తడి చూసి దాచానని చెప్పాను.

"ఆ పన్నెండు రోజులు నేనూ ఎగరేశాను" అని సచిన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఆ ఎండలో నిలబడిన ముగ్గురిలో అతడొకడని నాకు అప్పుడు తెలిసింది.

"నాలుగో తారీఖున చెప్పి ఉంటే ఏమయ్యేది?" అని మేడం అడిగింది.

"ఇంకో రోజు ఆలస్యమయ్యేది."

"ఒక్క రోజు" అంది.

మా ముందే నాగపూర్‌కు ఫోన్ చేసింది. కాకా తప్పు లేదని, తానే తొందరపడి చెప్పానని బాలకిషన్‌కు వివరించింది. అవతల ఆయన ఏదో అన్నాడు. ఆమె "అలాగా" అని పెట్టేసింది. ఆ ఐదు పెట్టెలూ అక్కడే ఎవరికో ఇచ్చేశాడట. సగం పని కూడా అయిపోయిందట.

"పోనీ మేడం" అన్నాడు అన్న. "నా జోడు కారలేదని మీకు ఎరుకైంది. చాలు."

చాలు అని అతడు అనగలడు. వదిన అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాకు చోటు లేదు. వదిన మధ్యలో సంచీ పెట్టింది. నడిచి వచ్చాను.

జూన్ 19

వాన మొదలైంది. షాపు ముందు నీళ్లు.

జూన్ 27

బాబుపేట్ వెళ్లాను. అన్న వాకిట్లో ఫ్రిజ్ గొట్టం అతుకుతున్నాడు. టార్చి తిరిగి వచ్చినట్టుంది. నేను గేటు దగ్గర నిలబడ్డాను. మంట ఆర్పి, అద్దాలు పైకి జరిపి చూశాడు.

"ఏం గావాలె సార్?"

కోపంతో అనలేదు. గిరాకీని అడిగినట్టే అడిగాడు.

ఏమీ వద్దన్నాను.

జూలై 15

చెప్పేశాను కదా. ఎవరూ బలవంతం చేయకుండా నా అంతట నేనే చెప్పాను. చాలామంది అది కూడా చేయరు.

జూలై 16

మూడు జాయింట్లు కోసేదాకా చూశాక చెప్పాను. బలవంతం చేసే దాకా మేడం దగ్గరికి వెళ్లలేదు. నిన్న రాసింది కొట్టేయడం లేదు. ఉండనీ.

ఆగస్టు 21

ప్రజ్ఞ మేడం ఆఫీసు పక్కనున్న దుకాణంలో ప్రింటర్ చెడితే వెళ్లాను. తిరిగి వస్తుంటే సచిన్ గుమ్మంలో ఉన్నాడు. పలకరిస్తాడనుకోలేదు. లోపలికి రమ్మన్నాడు.

కిటికీ పక్కన కొత్త పెట్టె ఉంది. మొదటిదాని కన్నా పొట్టిగా, వెడల్పుగా ఉంది. కొలతలు సచిన్‌వి, పని కాకాది. నేను గీసిచ్చిన దాంట్లో గాలి ముందు నుంచి వెనక్కి వెళ్లేది. వీళ్లు కింది నుంచి పైకి పంపారు. వేడి ఎలాగూ పైకే పోతుంది. నాకు తట్టలేదు. రాగి గొట్టం ఒక్కటే పొడుగు ముక్క, ఏడు వంపులు తిరిగి పైకి వెళ్లింది. మధ్యలో అతుకే లేదు. పదిహేడు రోజులుగా ఆపకుండా నడుస్తోందట. బాలకిషన్ కూడా వచ్చి చూసి వెళ్లాడట.

"చేయి పెట్టి చూడండి" అన్నాడు సచిన్.

పెట్టాను. రేకు చల్లగా ఉంది.

షాపుకు వచ్చి ఇది రాస్తున్నాను. అది మంచి పని. నేను ఉండి ఉంటే అంత బాగా వచ్చేది కాదు. ఇంతవరకు రాయగలిగాను. చూసి సంతోషపడ్డానని రాయబోయి, ఆపేశాను.